జీతం 20వ తేదీకే అయిపోతోంది, అందరూ చెప్పేవి కాకుండా వేరే దారులున్నాయా?

గుంటూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. చేతికి వచ్చే జీతం 28,000. ఇంటి అద్దె 8,500. పాప ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరుతోంది. క్రెడిట్ కార్డు మీద 46,000 బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం మాత్రమే కడుతున్నారు. ఇంట్లో కుట్టు మిషను ఉంది, భార్యకు కుట్టుపని బాగా వచ్చు, కానీ అదే వీధిలో ముగ్గురు దర్జీలు ఉండడం వల్ల పని రావడం లేదు. "ట్యూషన్లు, బైక్ టాక్సీ, యూట్యూబ్ అని చెప్పకండి, అవన్నీ విన్నాను. వేరే ఏమైనా ఉందా?" అన్నారు.

ఉంది. ముందు ఆ కార్డు బాకీని ఈ నెలలోనే తక్కువ వడ్డీ అప్పులోకి మార్చండి. ఆ ఒక్క పనితో నెలకు దాదాపు 1,500 మిగులుతుంది. రెండోది, మీ ఆవిడ కొత్త బట్టలు కుట్టాలనే ఆలోచన పక్కన పెట్టి, పాతవి బాగుచేసే పని మొదలుపెట్టాలి. మూడోది, చేతిలో కాస్త డబ్బు ఆడాక, వీధి మొత్తానికి ఏడాదిలో రెండు మూడుసార్లే అవసరమై, ఎవరి ఇంట్లోనూ లేని వస్తువు ఒకటి కొని అద్దెకివ్వండి.

ఇంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఉంది. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో 27 ఏళ్లు జీతాల పట్టికలు తయారు చేశాను. ప్రతి నెలా 18వ తేదీ దాటగానే అడ్వాన్సు కోసం నా బల్ల దగ్గరికి వచ్చేవారు. మొదట్లో తక్కువ జీతగాళ్లే వస్తారనుకున్నాను. అలా కాదు. వచ్చేవారిలో ఎక్కువ మంది ఎక్కడో వడ్డీ కడుతున్నవాళ్లు. 12,000 జీతంతో ఇల్లు నడుపుకొనే అటెండరు ఒక్కసారీ అడగలేదు. 40,000 తీసుకునే సూపర్‌వైజరు నెలనెలా వచ్చేవాడు.

మీ కార్డు లెక్క చూద్దాం. చాలా కార్డుల వడ్డీ నెలకు 3.5 శాతం, లేదా దానికి కాస్త అటూ ఇటూ. 46,000 మీద అది 1,610. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మరో 290. మొత్తం 1,900. కనీస మొత్తం 5 శాతం అనుకుంటే మీరు కట్టేది 2,300. అంటే నెలంతా కష్టపడి కట్టినదాంట్లో అసలుకు చేరేది 400. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న ప్రతి వస్తువుకీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, కార్డు మామూలుగా ఇచ్చే వడ్డీ లేని గడువు మీకు వర్తించదు. ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే మనం మొహం చిట్లిస్తాం. కార్డుకు నూటికి మూడున్నర కడుతూ అది వడ్డీయే కాదన్నట్లు ఉంటాం.

ఇంట్లో కాస్త బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. ఏడాదికి 10 శాతం వడ్డీ వేసుకున్నా 46,000 మీద నెలకు 383 రూపాయలే. మిగిలిన 1,500 మీ మొదటి అదనపు ఆదాయం, దానికి చెమట పట్టనక్కర్లేదు. బంగారం లేకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకుకే ఫోన్ చేసి బాకీని వాయిదాల్లోకి మార్చమని అడగండి, వడ్డీ సాధారణంగా తగ్గుతుంది. ఒక్క హెచ్చరిక. నా సహోద్యోగి ఒకరు ఇలాగే నగలు పెట్టి కార్డు ఖాళీ చేశారు. ఎనిమిది నెలలు తిరగకముందే కార్డు మళ్లీ నిండింది, నగలు బ్యాంకులోనే ఉన్నాయి. అందుకని బాకీ తీరిన రోజే ఫోనులోని షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి. నగల అప్పుకు గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది.

చీటీ పాడి తీర్చమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. చీటీ పొదుపుగా మంచిదే. మొదటి నెలల్లో పోటీపడి పాడితే మాత్రం అది ఖరీదైన అప్పు. వేసేటట్లయితే రిజిస్టరైన చీటీయేనా కాదా అడగండి. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదు. "మనవాళ్లే" అనే నమ్మకంతో కాలనీ చీటీలో నేను పోగొట్టుకున్నది ఎంతో ఇక్కడ రాయను, మా ఇంట్లోవాళ్లు కూడా ఇలాంటివి చదువుతారు.

ఇక కుట్టు మిషను. ముగ్గురు దర్జీలు ఉండడం అడ్డంకి అనుకుంటున్నారు మీరు. నేను వాళ్లనే మీ గిరాకీ అంటాను. ప్యాంటు జిప్పు మార్చమని, జాకెట్టు వదులు చేయమని, పరికిణీ అంచు మడవమని దర్జీ దగ్గరికి వెళ్లి చూడండి. "రెండు రోజులాగి రండి" అంటాడు. ఆ రెండు రోజులు రెండు వారాలవుతాయి. కొత్త జాకెట్టు కుట్టే సమయంలో చిల్లర పని చేస్తే అతనికి గిట్టదు. మీ ఆవిడ ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్లి, "మీరు వద్దనుకునే పనులు నాకు పంపండి" అని చెబితే చాలు. పోటీ అన్న మాటే రాదు, వాళ్లకూ తలనొప్పి తగ్గుతుంది.

జూన్ నెల మీది. బడి తెరిచే ముందు యూనిఫాం ఒక సైజు పెద్దది కొని అంచు మడిపించుకుంటారు, నడుము బిగిస్తారు. పాత స్కూలు బ్యాగుల జిప్పులు సరిగ్గా అప్పుడే మొరాయిస్తాయి. ఇక్కడొక రహస్యం ఉంది. జిప్పు పాడైందంటే చాలాసార్లు పాడయ్యేది పళ్లు కాదు, వాటి మీద జారే రన్నరు. దాని వెనుకవైపు 5, 8, 10 అని అంకె అచ్చువేసి ఉంటుంది. అదే అంకె ఉన్న రన్నరు కుట్టు సామాను దుకాణాల్లో కొన్ని రూపాయలకే దొరుకుతుంది. చివర కుట్టు విప్పి, పాతది లాగేసి, కొత్తది ఎక్కించి, చివర మళ్లీ కుట్టాలి. చేయి తిరిగితే పది నిమిషాల పని, 40 రూపాయలు అడగవచ్చు. కొత్త బ్యాగు వెయ్యి రూపాయలు ఉన్నప్పుడు ఎవరూ బేరమాడరు. పట్టీ తెగిన బ్యాగుకు మాత్రం 16 లేదా 18 నంబరు సూది, నైలాను దారం కావాలి. మామూలు సూదితో కుడితే అది విరిగి మిషను మీదికి వస్తుంది.

ఇంతకుముందు చెప్పిన అటెండరు భార్య 2016లో ఇదే మొదలుపెట్టారు. మొదటి జూన్‌లో 4,000 పైచిలుకు వచ్చింది. జూలైలో 700. ఆవిడ దిగులుపడి మానేస్తానన్నారు. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యేసరికి చీరలకు ఫాల్స్ కుట్టే పని వచ్చిపడింది. ఈ పనులన్నింటి తీరు ఇంతే, కాలువకు నీళ్లు వదిలినట్లు వస్తాయి, కట్టేసినట్లు ఆగిపోతాయి. నెల జీతంలా ఊహించుకుని కొత్త వాయిదా ఏదీ నెత్తిన పెట్టుకోకండి.

అద్దె సామాను సంగతికి వస్తాను, ఇది నా సొంత పిచ్చి. 2009లో ఇంటికి రంగులు వేయించుకోవడానికి పదడుగుల అల్యూమినియం మడత నిచ్చెన కొన్నాను. పని అయిపోయాక అది మెట్ల కింద చేరింది. అప్పటి నుంచి వీధిలో ఎవరి ఇంట్లో ట్యూబులైటు పోయినా, నీళ్ల ట్యాంకు కడగాలన్నా, అటక దులపాలన్నా మా గుమ్మం ముందు నిలబడేవారు. మూడోసారి ఇచ్చినప్పుడు కాలు వంగి తిరిగొచ్చింది. మా ఆవిడ "అద్దె తీసుకోండి, లేకపోతే అమ్మేయండి" అని తేల్చేసింది. రోజుకు 80 రూపాయలు అన్నాను. మొహమాటంతో చచ్చిపోయాను గానీ, అడిగినవాళ్లు మాత్రం హాయిగా ఇచ్చారు. ఊరికే అడిగి తీసుకోవడంలో వాళ్లకూ ఇబ్బంది ఉండేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు రోజుకు 150. పోయిన ఏడాది 41 సార్లు వెళ్లింది, 6,150 వచ్చింది. తర్వాత గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లు చేర్చాను. అది రెండుసార్లు కాలింది. అందుకే ఇప్పుడు డ్రిల్లు ఇవ్వను, నేనే వెళ్లి రంధ్రానికి ఇంత అని వేసి వస్తాను.

కొన్ని నియమాలు దెబ్బలు తిని నేర్చుకున్నాను. డిపాజిట్ తీసుకోవాలి, చుట్టాలైనా సరే. ఇచ్చేముందు ఎదుటివారి సమక్షంలోనే ఫోటో తీయాలి. అల్యూమినియం నిచ్చెన కరెంటు తీగల దగ్గరికి వెళ్లే పనికి ఇవ్వకూడదు, ఎంత డబ్బిస్తానన్నా సరే.

అన్నింటికంటే నాకు నచ్చిన వస్తువు మా పెదనాన్న గారింట్లో పడి ఉన్న ఆవకాయ కత్తి. చెక్కకు బిగించి, పిడి పట్టుకుని కిందికి నొక్కితే కాయ టెంకతో సహా తెగుతుంది, ఆ రకం. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడది ఎవరి దగ్గర ఉంది? ఏప్రిల్ మధ్య నుంచి మొదటి వాన పడేవరకు అయిదారు వారాలు దానికి తీరిక ఉండదు. కత్తిని అద్దెకివ్వడం కంటే ముక్కలు కొట్టి ఇవ్వడం లాభం. కాయలు కడిగి తడి లేకుండా తుడిచి తెచ్చే బాధ్యత వాళ్లది. కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకి ఇచ్చే పని మనది. టెంక అంటని ముక్క ఆవకాయలో మెత్తబడిపోతుంది, కాబట్టి చేయి తిరిగినవాళ్లనే వెతుక్కుంటూ వస్తారు. మీకు చేతకాకపోతే దీని జోలికి వెళ్లకండి, వేళ్లు జీతం కంటే విలువైనవి.

ఆవకాయ నుంచే మా ఇంట్లో మరో పని పుట్టింది. పిల్లల్ని అమెరికా పంపేవాళ్లు, అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. జూలై, ఆగస్టు నెలల్లో ఏ ఇంట్లో చూసినా సూట్‌కేసులే. గాలి తీసి ప్యాక్ చేసే చిన్న యంత్రం ఒకటి, సూట్‌కేసు కొక్కేనికి తగిలించి తూచే త్రాసు ఒకటి కొన్నాం. ప్యాకెట్టుకు 15 రూపాయలు. కందిపొడి, కారప్పొడి, అరిసెలు హాయిగా అవుతాయి. మొదటిసారి ఆవకాయ పెట్టినప్పుడు యంత్రం గాలితోపాటు నూనె కూడా పీల్చేసి మూలపడింది, బాగుచేయించడానికి ఆ సీజను సంపాదనలో సగం పోయింది. నూనె పచ్చళ్లను రాత్రంతా ఫ్రీజరులో గట్టిపడనిచ్చి పెడితే ఆ బాధ ఉండదు. మాంసం పచ్చళ్లు మాత్రం ఎంత బతిమాలినా కట్టం. అమెరికా కస్టమ్స్ వాళ్లు చూస్తే తీసి పారేస్తారు, చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా పడే అవకాశం కూడా ఉంది. గుర్తుంచుకోండి, వాళ్ల వంటకాన్ని ప్యాక్ చేసి ఇవ్వడం వేరు, మీరు వండి అమ్మడం వేరు. అమ్మేటట్లయితే ఆహార భద్రతా సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. చిన్న వ్యాపారానికి నేను చేయించినప్పుడు ఏడాదికి 100 రూపాయలే అయింది.

తెలుగు తప్పుల్లేకుండా రాయగలిగితే ఇంకొకటి ఉంది. డీటీపీ సెంటర్లలో, చిన్న ప్రచురణకర్తల దగ్గర అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ, మార్చాక వత్తులు తారుమారవుతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు గజిబిజి అవుతాయి. అసలుతో పోల్చి దిద్దడానికి మనిషి కావాలి. నేను పేజీకి 12 రూపాయలతో మొదలుపెట్టాను. గంటకు ఏడెనిమిది పేజీలు, అంటే 90 రూపాయల దగ్గర. గొప్ప సంపాదన కాదు. కానీ పెట్టుబడి లేదు, బయటికి వెళ్లే పని లేదు, బస్సు చార్జీ లేదు. అయితే రాత్రి పదకొండు దాటాక దిద్దిన పేజీలను పొద్దున మళ్లీ చూసుకుంటే సిగ్గేసేది. అలసిన కళ్లకు తప్పు కనిపించదు.

ఏ పనినైనా గంటకు ఎంత మిగిలిందన్న లెక్కతోనే కొలవండి. నెలకు 5,000 వచ్చిందని సంబరపడి, పెట్రోలు, టీలు, తిరిగిన గంటలు లెక్కేస్తే గంటకు 25 తేలిన సందర్భాలు చూశాను. మీ అసలు ఉద్యోగంలో అదనపు డ్యూటీ దొరికితే అంతకంటే మేలు. అలాగే మీ నియామక పత్రం ఒకసారి తీసి చదవండి. చాలా సంస్థలు వేరే పని చేయకూడదని అందులో ఒక వాక్యం రాస్తాయి. అలా ఉంటే పైవాళ్లకు ఒక ఉత్తరం పెట్టి అనుమతి తీసుకోండి.

జీతం చీటీలో దాగి ఉన్న డబ్బు గురించి కూడా చెప్పాలి, అది నా వృత్తి కాబట్టి. మీకు పీఎఫ్ కోత ఉంటే, దానితోపాటు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి 7 లక్షల వరకు వచ్చే బీమా కూడా ఉంటుంది, ప్రీమియం యాజమాన్యమే కడుతుంది. ఈ విషయం తెలియని కుటుంబాలను నేనే చాలా చూశాను. నామినీగా మీ ఆవిడ పేరు ఉందో లేదో చూడండి, పెళ్లికి ముందు చేరినవాళ్లలో చాలామందికి ఇంకా అమ్మానాన్నల పేర్లే ఉంటాయి. దీనికి తోడు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా ఉన్నాయి. మీ స్థాయికి ముందు ఇవి తీసుకోండి, ఏజెంటు చెప్పే పెద్ద పాలసీ తర్వాత చూద్దాం.

పాత ఉద్యోగంలోని పీఎఫ్ ఖాతాను కొత్తదానిలో కలిపారా? కలపనివాళ్లే ఎక్కువ. పదేళ్లుగా ఎవరూ ముట్టని బ్యాంకు ఖాతాలను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది. మా స్నేహితుడు చనిపోయిన తండ్రి పేరుతో అందులో వెతికితే, ఎప్పుడో బదిలీ మీద వెళ్లిన ఊరి ఖాతాలో 11,000 కనిపించాయి. తీసుకోవడానికి నాలుగు నెలలు, ఆరు సంతకాలు పట్టాయనుకోండి.

ఖర్చు తగ్గించే చిట్కాల్లో చాలావరకు అతిశయోక్తి. కరెంటు ఆదా చేసే ఫ్యాన్ల ప్రకటనలే చూడండి. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 28 వాట్లది పెడితే, రోజుకు 15 గంటలు తిరిగినా నెలకు ఆదా అయ్యేది 21 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల శ్లాబులో ఉన్నా 126 రూపాయలు, అదీ ఎండాకాలంలో. పాతది కాలిపోయినప్పుడు కొత్త రకం కొనండి, బాగా తిరుగుతున్నదాన్ని విప్పకండి. నెలనెలా వాడే మందులు మాత్రం జన ఔషధి దుకాణంలో అడిగి చూడండి, మా అమ్మ బీపీ మాత్రల ఖర్చు సగానికంటే తక్కువైంది.

జోలికి వెళ్లకూడనివి మూడు. ఇంటి దగ్గర టైపింగ్ పని అంటూ ముందు డిపాజిట్ అడిగేవాళ్లను నమ్మకండి. వీడియోలకు లైకులు కొడితే డబ్బిస్తామనేవాళ్లు మొదటి రెండుసార్లు ఇచ్చి మూడోసారి గుంజుతారు. ఇంతకంటే ప్రమాదం, మీ బ్యాంకు ఖాతాను నెలకు ఇంత అని అద్దెకు అడిగేవాళ్లు. ఆ ఖాతాలోకి వచ్చేది ఎవరినో మోసం చేసిన సొమ్ము. పోలీసులు వచ్చేది ఖాతాదారు ఇంటికే. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

మీ వీధికి ఏ వస్తువు పనికొస్తుందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ కనుక్కునే పద్ధతి చెబుతాను. మీ అపార్ట్‌మెంటు లేదా కాలనీ వాట్సాప్ గ్రూపు తెరిచి, "ఎవరి దగ్గరైనా" అన్న మాట కోసం వెతకండి. ఏడాదిలో ఎవరెవరు ఏమేం అడిగారో అంతా బయటపడుతుంది. మా దాంట్లో నిచ్చెన, డ్రిల్లు, పెద్ద ఇడ్లీ పాత్ర, కారు చక్రానికి గాలి కొట్టే పంపు, చక్రాల కుర్చీ వచ్చాయి. మొదటి నాలుగూ కొన్నాను, డ్రిల్లు తప్ప మిగిలినవి అద్దెకు తిరుగుతున్నాయి. కుర్చీ కూడా కొన్నాను, దానికి మాత్రం డబ్బు తీసుకోను.